గదిలో ఒకరు, గుంపులో పదకొండు మంది, తాటిచెట్ల మీద ఇద్దరు

1949 జనవరి 10, సోమవారం, ఉదయం ఎనిమిదీ పది. మెదక్‌లో మంచు దట్టంగా ఉంది. చర్చి గోపురం సగం నుంచి పైకి కనిపించడం లేదు. వార్డు వరండాలోని ఉష్ణమాపకం యాభై రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు చూపిస్తోంది. ఆ చలిలో నర్సాగౌడ్ అనే ముప్పై ఏళ్ల కల్లుగీత కార్మికుడు నిండు నీళ్ల గ్లాసు పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నేను పోసినవి ఎనిమిది ఔన్సులు. అవతలికి చేరేసరికి మిగిలినవి మూడు. తక్కిన అయిదూ నేల మీద, ఆయన పంచె మీద, కొంత నా బూట్ల మీద ఉన్నాయి.

అప్పుడు నేను మెదక్ దవాఖానాలో నర్సును. పేరు గ్రేసమ్మ. ఆ తరువాత ముప్పై నాలుగేళ్లు మనసు చెదిరినవారి వార్డులోనే పనిచేసి పదవీ విరమణ చేశాను. కౌన్సెలింగ్ చదువుకుంటున్న పిల్లలు ఇప్పుడు నా దగ్గరకు వచ్చి, "మేడమ్, గ్రూప్ థెరపీ మేలా, ఇండివిడ్యువల్ థెరపీ మేలా?" అని అడుగుతుంటారు. ఇది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అని వారి ముఖాలే చెబుతాయి. అయిదు మార్కుల జవాబు గైడులో ఉంది. నేను రాస్తున్నది ఆ జవాబు కాదు.

మనసు ఎంత బాగుపడిందో కొలిచే సాధనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. కొలిచామని చెప్పిన డాక్టర్లను మాత్రం చాలామందిని చూశాను. అందుచేత కొలవగలిగినవే కొలిచాను: నిద్రపోయిన గంటలు, శరీరం బరువు, గ్లాసులో మిగిలిన నీళ్లు.

నర్సాగౌడ్

అతనిది శంకరంపేట వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయను. కారణం మీకే తెలుస్తుంది. నాలుగు నెలల కిందట, సెప్టెంబరు పదమూడున యూనియన్ సైన్యం వచ్చింది, పదిహేడున నిజాం లొంగిపోయాడు. ఆ తరువాతి వారం నుంచి అతని చేతులు వణుకుతున్నాయి. తాటిచెట్టు రెండు నిలువులు ఎక్కేసరికి కళ్లు చీకట్లు కమ్మి, చెట్టును కరచుకుని ఆగిపోతాడు. అతని వంతుకు వచ్చినవి పద్నాలుగు చెట్లు. ఫిబ్రవరి నెల దాటేలోగా గీయకపోతే కల్లు కంట్రాక్టరు వాటిని ఇంకొకరికి రాసిస్తానన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, అందరూ ఆ పద్నాలుగు చెట్ల మీదే బతుకుతున్నారు.

అతణ్ణి తీసుకువచ్చినవాడు అక్క మగడు సత్తయ్య. అతనూ గీత పనివాడే.

"సిస్టరమ్మా, గీనికి కాళ్లు మంచిగున్నయ్, చేతులు మంచిగున్నయ్, ఆకలైతే మస్తుగున్నది. చెట్టు కాడికి తోల్కపోతె మాత్రం కొత్త పెండ్లికూతురు లెక్క తల వంచుకొని నిలవడ్తడు," అన్నాడు.

"నువ్వు జర నోరు మూస్తవా బావా," అన్నాడు నర్సాగౌడ్.

"మూస్త. నువ్వు చెట్టెక్కు, నేను నోరు మూస్త."

అటువంటివారు అప్పటికి వార్డులో పదకొండు మంది. నిజాం వైపు రజాకార్ల దాడులలో మనుషులను పోగొట్టుకున్నవారు కొందరు, సెప్టెంబరు తరువాత ముస్లింల మీద సాగిన ప్రతీకారంలో పోగొట్టుకున్నవారు కొందరు. రెండు వైపులవారి మంచాలనూ పక్కపక్కనే వేశాము. ఇది మా ఉదారత కాదు. ఉన్న వార్డు ఒక్కటే.

గది

మా పెద్ద డాక్టరు దేవసహాయం గారు మద్రాసులో చదువుకున్నవారు. మనసు తాళం వేసిన పెట్టె అనీ, ఏకాంతం దాని తాళంచెవి అనీ ఆయన సిద్ధాంతం. అందుకు ప్రత్యేకంగా ఒక గది ఏర్పాటు చేశారు. దానికి ఒకే తలుపు, అది మూసి ఉంటుంది. ఒకే కిటికీ, అదీ మూసి ఉంటుంది. మధ్యలో బల్ల, ఇటు డాక్టరు, అటు రోగి. డాక్టరు చేతిలో పెన్సిలు, ముందు కాగితాలు. ఇతరులు లోపలికి రాకుండా తలుపు దగ్గర ఒక జవాను.

ఈ వర్ణన ఇంకొకసారి చదవండి. ఆ సంవత్సరం మా చుట్టుపక్కల పల్లెల మనిషికి ఇటువంటి గది మరొక్కటే తెలుసు. అది ఠాణాలో బయాను, అంటే వాంగ్మూలం, రాయించుకునే గది. మొదట రజాకార్లు మనుషులను ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. తరువాత మిలిటరీ ఒక్కొక్కరినే పిలిచింది. ఆ తరువాత, తుపాకులు దాచినవారి కోసం వెతుకుతూ పోలీసులు ఒక్కొక్కరినే పిలిచారు. ఇప్పుడు డాక్టరు గారు ఒక్కొక్కరినే పిలిచారు. రోగి ప్రశాంతంగా మనసు విప్పుతాడని మద్రాసు పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం రాసినవాడిని ఎవరూ ఠాణాకు పిలిచి ఉండరు.

పైగా అది ఏకాంతం కూడా కాదు. డాక్టరు గారి తెలుగు గ్రంథంలోనిది, రోగి తెలుగు చేనులోనిది. అందుచేత మధ్యలో నేను ఉండవలసి వచ్చింది. ఏకాంతంలో ముగ్గురం కూర్చునేవాళ్లం.

"నీ అంతరంగమున ఏ భీతి గలదో నిస్సంకోచముగా తెలుపుము," అన్నారు దేవసహాయం గారు మొదటి రోజు.

నర్సాగౌడ్ నా వైపు చూశాడు. "సార్ ఏమంటుండమ్మా?"

"నీ భయమేందని అడుగుతుండు."

"ఎవల పేరు చెప్పాల్నట?"

"పేరు కాదయ్యా, భయం."

"పేరు చెప్పకుంట భయం ఎట్ల చెప్తరమ్మా?"

దీనిని నేను డాక్టరు గారికి యథాతథంగా వినిపించాను. ఆయన దానిని "ప్రతిఘటన" అని రాసుకున్నారు. నర్సాగౌడ్ ఆ కదులుతున్న పెన్సిలును చూశాడు. ఆ పూట ఇంకొక మాట మాట్లాడలేదు.

రెండో పూట నుంచి తనను రజాకార్లు కొట్టారని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట కొట్టినవారు ఇద్దరు. అయిదో పూటకు నలుగురయ్యారు. పదో పూటకు ఆరుగురు, వారిలో ఒకడు గుర్రం మీద వచ్చాడు. జ్ఞాపకాల ద్వారం తెరుచుకుంటోందని దేవసహాయం గారు సంబరపడ్డారు. గ్లాసులో మిగిలిన నీళ్లు మూడు ఔన్సులే.

లోపలి మాట ఇలా ఉండగా బయట బల్ల మీద కూర్చున్నవారికి వేరే లెక్క ఉంది. ఎవరు ఎంతసేపు లోపల ఉన్నారన్నదే ఆ లెక్క. నర్సాగౌడ్ ఊరి పటేల్ వెంకటరెడ్డి కూడా నిద్ర పట్టని జబ్బుతో మా వార్డులోనే ఉన్నాడు. అతను బయటకు వచ్చిన ప్రతిసారీ పటేల్ పక్కకు పిలిచేవాడు.

"ఏం నర్సిగా, గంట సేపున్నవ్. గంట సేపు చెప్పేంత ముచ్చట మన ఊర్ల ఏమున్నదిరా?"

"ఏం లేదు పటేలా. రజాకార్లు కొట్టిండ్రని చెప్పిన."

"గంతేనా?"

"గంతే పటేలా."

గది వల్ల మేలు లేదని అనను. పదిహేడేళ్ల పిల్ల ఒకతె ఉండేది. ఆమెకు జరిగినది నలుగురిలో చెప్పుకునేది కాదు. చెప్పి ఉంటే ఊరు ఆమెను రెండోసారి చంపేది. ఆమె మాట్లాడిన పూటలలో డాక్టరు గారు పెన్సిలు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగి విన్నారు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఆరు పౌన్లు బరువు పెరిగింది. ఆ గది లేకపోతే ఆ పిల్ల లేదు. ఇది దేవసహాయం గారికి న్యాయంగా చెందవలసిన ఫలితం, ఆయనకే ఇస్తున్నాను.

వలయం

ఫిబ్రవరి మొదటి వారంలో కెప్టెన్ రంగాచారి గారు వచ్చారు. యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ భయంతో కుప్పకూలిన సిపాయిలను వలయంగా కూర్చోబెట్టి మాట్లాడించేవారట. ఒకరిని చూసి ఒకరు బాగుపడేవారట. "ఒక్కొక్కరితో గంట గడపడం వ్యర్థం, పదకొండు మందిని ఒకే గంటలో బాగుచేయవచ్చు," అని ఆయన వచ్చిన రోజే ప్రకటించారు. గణితం బాగానే ఉంది.

వార్డులో పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేయించారు. పటేల్ వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు. మిగతా పది మందీ నేల మీద కూర్చున్నారు.

"ఇక్కడ పెద్ద, చిన్న అనే భేదం లేదు. అందరూ సమానమే. కుర్చీలలో కూర్చోండి," అన్నారు కెప్టెన్ గారు.

ఎవరూ కదల్లేదు. పటేల్ వెనక్కి తిరిగి, "సార్ చెప్తుండు గదా, అందరం సమానమేనట. ఆడనే కూసోండ్రి, సమానంగ కూసోండ్రి," అన్నాడు. పది మందీ నేల మీదే కాస్త సర్దుకుని సమానంగా కూర్చున్నారు.

అప్పుడు కెప్టెన్ గారు తామే ఆదర్శంగా ఉండాలనుకుని నేల మీద కూర్చున్నారు. వెంటనే పది మందీ లేచి నిలబడ్డారు. డాక్టరు నేల మీద ఉండగా తాము ఎక్కడ కూర్చోవాలో వారికి తెలియలేదు. అందరూ ఏదో ఒక విధంగా కూర్చునే సరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆనాటి చికిత్స వ్యవధి నలభై నిమిషాలు.

మొదట మాట్లాడినవాడు పటేల్. "మా ఊర్ల ఏం గాలె సార్. రజాకార్లు వచ్చిండ్రు, కొట్టిండ్రు, పోయిండ్రు. మిలిటరీ వచ్చినంక అంత మంచిగనే ఉన్నది. అటెన్క ఏం గాలె."

కెప్టెన్ గారు నర్సాగౌడ్ వైపు తిరిగారు. "నీ అనుభవం ఏమిటి?"

"పటేల్ చెప్పినట్లే సార్."

"నీకంటూ వేరే ఏమీ లేదా?"

"పటేల్‌కు కానిది నాకేం అయితది సార్?"

కెప్టెన్ గారు దానిని "సంఘీభావం" అని రాసుకున్నారు. ఆ సాయంత్రం గ్లాసులో రెండున్నర ఔన్సులే మిగిలాయి. ఆ సంగతి చెబితే, "గ్లాసుతో మనసును కొలుస్తావా సిస్టర్?" అని నవ్వారు. దేనితో కొలుస్తారో ఆయనా చెప్పలేదు.

అయితే ఆ వలయంలోనే నేను మరచిపోలేని రోజు ఒకటి ఉంది. ఖైరున్‌బీ భర్త దర్జీ, సెప్టెంబరులో పోయాడు. ఆమె వచ్చిన నాటి నుంచి నోరు విప్పలేదు. పోశమ్మ కొడుకును అంతకుముందే రజాకార్లు చంపారు. ఆ రోజు రోడ్డు మీద లారీ పోయింది. పోశమ్మ గబుక్కున లేచి, కొంగు చుట్టుకుని పక్కకు పోబోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు కెప్టెన్ గారు.

"ఏమైతది సార్, లారీ సప్పుడు ఇంటె చీర తడుస్తది. ముసలిదాన్ని, సిగ్గేంది, చెప్తున్న."

అప్పుడు ఖైరున్‌బీ నవ్వింది. ఏడుపులో నుంచి వచ్చిన నవ్వు. "నీకు గూడ గట్లనేనా పోశక్కా? యా అల్లా! నాకొక్కదానికే అనుకున్న."

ఆ రాత్రి నుంచి ఇద్దరి మంచాలూ దగ్గరగా జరిగాయి. మూడు గంటల నిద్ర పది రోజులలో ఆరు గంటలయింది. ఆ మాట ఏ గదిలోనూ ఏ డాక్టరూ ఆమెకు చెప్పలేడు. లారీ చప్పుడుకు ఆయన పంచె తడవదు గనక.

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా రాస్తాను. గుంపు ఎప్పుడు మేలు చేస్తుంది? కూర్చున్నవారిలో ఎవరికీ ఎవరి భయమూ లేనప్పుడు. గది ఎప్పుడు మేలు చేస్తుంది? లోపలి మాట బయటకు పోదని మనిషి నమ్మినప్పుడు. ఈ రెండూ చూడకుండా పద్ధతి గొప్పదని వాదించేవారు మంచం పొడవు చూడకుండా దుప్పటి రంగు గురించి తగాదా పడేవారితో సమానం. మా ఇద్దరు డాక్టర్లూ సరిగ్గా ఆ తగాదాలోనే ఉన్నారు. రోగులను ఉదయం ఒకరు గదిలోకి, మధ్యాహ్నం ఒకరు వలయంలోకి లాక్కుపోయేవారు. నర్సాగౌడ్ ఉదయం గుర్రం మీది రజాకారును వర్ణించి, మధ్యాహ్నం "పటేల్ చెప్పినట్లే" అని వచ్చి, సాయంత్రం నా గ్లాసు ఒలకబోసేవాడు. నెలాఖరు దగ్గరపడుతోంది.

చెట్టు

ఫిబ్రవరి 24, గురువారం, సత్తయ్య వచ్చాడు. కంట్రాక్టరు మనిషి చెట్లను చూసి పోయాడట. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

"బాగైనా కాకున్నా తోల్కపోత సిస్టరమ్మా. ఈడ కూసోని వీడు కథలు చెప్పుడు నేర్సిండు గని చెట్టెక్కుడు నేర్వలె," అన్నాడు.

అటువైపు పల్లెలలో బాలింతలను చూసి రావలసిన పని నాకూ ఉంది. వారితోనే బయలుదేరాను. ఊరి బయట తాటివనంలో రెండు చెట్లు పక్కపక్కనే ఉన్నాయి. పైన మట్టలు ఒకదానికొకటి తగులుతున్నాయి. గీత పనివారి పద్ధతి నాకు ఆ రోజే తెలిసింది. ఎవరి చెట్టు వారిదే, ఎవరి మోకు వారిదే. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే ఆ తాడు ఇద్దరిని మోయదు. కాని పక్క చెట్టు మీద ఉన్నవాడు మాట ఆపకూడదు. మాట ఆగితే ఏమయిందోనని అవతలివాడు చూడాలి.

"చెట్టు మీది మాట చెట్టు మీదనే ఉంటది సిస్టరమ్మా. కిందికి తెస్తె కల్లు పులుస్తది," అన్నాడు సత్తయ్య మోకు బిగించుకుంటూ.

"పులిసేదే గదా కల్లు," అన్నాడు నర్సాగౌడ్. నేను అతని నోట విన్న మొదటి పరిహాసం అది.

సత్తయ్య పైకి చేరిపోయాడు. నర్సాగౌడ్ సగంలో ఆగాడు. చెట్టును రెండు చేతులా కరచుకుని కళ్లు మూసుకున్నాడు. మోకు అతని నడుముకు బిగిసి ఉంది. చేతులు మాత్రం కింద నుంచి నాకు కనిపించేంతగా వణుకుతున్నాయి.

"ఎక్కుతవా, దిగుతవా? నడుమల గబ్బిలం లెక్క ఏందిరా?" అని సత్తయ్య పైనుంచి అరిచాడు. సత్తయ్య వేళాకోళం ఆపలేదు. అత్తగారి పళ్ల గురించి, కంట్రాక్టరు బొజ్జ గురించి ఏదేదో మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పుడు నర్సాగౌడ్ కళ్లు తెరవకుండానే అన్నాడు:

"బావా, గా దినం నేను చెట్టు మీదనే ఉన్న."

"ఏ దినం?"

"ఉర్దూ బడి పంతులు కోసం దేవులాడిన దినం. ఇల్లు కురుస్తుందని కమ్మలు కొట్టనీకి ఎక్కిన. కిందికెల్లి పటేల్ వచ్చిండు, ఎనమండుగురు, గొడ్డండ్లు పట్టుకొని. 'అరేయ్ నర్సిగా, పైనున్నవ్ గదా, పంతులు ఎటు పోయిండురా?' అన్నడు. జొన్నలు నిలువెత్తున్నయ్. కిందున్నోళ్లకు ఏం కనవడదు. నాకు కనవడ్డది. పంతులు తూర్పు చేన్ల బోర్ల పండుకున్నడు."

"చెప్పినవా?"

"పడమరకు చెయ్యి జూపిన."

"మంచిగ జేసినవ్ రా."

"పడమర చేన్ల గూడ ఒకడున్నడు బావా. దూది ఏకేటాయన. ఏ ఊరాయనో, పంతులు లెక్కనే భయపడి దాసుకున్నడు. నాకు కనవడలె. వాళ్లకు కనవడ్డడు."

పైన సత్తయ్య కత్తి చప్పుడు ఆగింది. అంతవరకు ఆగని నోరు కూడా ఆగింది.

ఆ ఉదయం వరకు అర్థం కాని రెండు సంగతులు నాకు చెట్టు కింద నిలబడి అర్థమయ్యాయి. గదిలో ఈ మాట చెబితే అది హత్య మీద బయాను అవుతుంది. తన ఊరివారు ఎనిమిది మంది పేర్లు చెప్పవలసి వస్తుంది. వలయంలో ఈ మాట చెబితే ఎదురుగా కుర్చీలో పటేల్ ఉన్నాడు. తనను తప్పుదారి పట్టించినవాడిని ఆ పటేల్ ఊరిలో బతకనివ్వడు. మేము నెలన్నర పాటు, మొదట ఒక పూట, తరువాత రెండు పూటలా అతణ్ణి నిజం చెప్పమన్నాము. చెప్పడానికి చోటు మాత్రం ఇవ్వలేదు.

"నువ్వు చెయ్యి జూపకపోతె ఎనమండుగురు నాలుగు దిక్కులు దేవులాడుదురు. ఇద్దరు దొరుకుదురు. గిప్పుడు ఒకడు బతికిండు గదరా," అన్నాడు సత్తయ్య చివరకు.

"లెక్క తప్పు బావా. గాయన ఇంట్ల సచ్చింది సగం మనిషి కాదు."

నేను లెక్కలను నమ్మే మనిషిని. చెట్టు కింద నుంచే ఆ లెక్క మళ్లీ వేసి చూశాను.

"సరే, తప్పే. గీ లెక్క నాకు రాదు," అన్నాడు సత్తయ్య విసుగ్గా. "నాకు తెల్సింది గిదొక్కటే. నీ చెట్లు పద్నాలుగున్నయ్, నాలుగు దినాలున్నయ్, నేను పైన ఎండల కూసున్న. చెయ్యి వణికితె వణకనీ, మోకు వణుకదు. ఎక్కు."

నర్సాగౌడ్ కళ్లు తెరిచాడు. వణుకుతున్న చేతులతోనే మోకును ఒక మెట్టు పైకి విసిరాడు. తరువాత ఇంకొకటి. పైకి చేరాక ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. మాట్లాడుతున్నారని మాత్రం తెలిసింది. ఒకరి ముఖం ఒకరు చూడడం లేదు. ఇద్దరి చేతులకూ పని ఉంది. ఇద్దరూ ఒకే ఎత్తులో ఉన్నారు.

లెక్క

వార్డుకు తిరిగి వచ్చి ఇద్దరు డాక్టర్లకూ ఒకే వాక్యం చెప్పాను: "నర్సాగౌడ్ చెట్టెక్కాడు." ఏకాంత చికిత్స ఫలితం ఆలస్యంగా కనిపిస్తుందని దేవసహాయం గారు అన్నారు. సామూహిక చికిత్స ఫలితం వెంటనే కనిపిస్తుందని రంగాచారి గారు అన్నారు. ఎలా ఎక్కాడని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అందుచేత నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ వేసవిలో ఇద్దరూ పైవారికి వేరువేరుగా నివేదికలు పంపారు. ఏకాంత చికిత్సతో బాగుపడినవారు ఏడుగురు. సామూహిక చికిత్సతో బాగుపడినవారు తొమ్మిది మంది. పదకొండు మంది రోగులలో పదహారు మంది బాగుపడ్డారన్నమాట. రెండింటి మీదా ఒకే అధికారి సంతకం పెట్టాడు. ఇంతటి ఫలితం ఆ తరువాత నా ఉద్యోగ జీవితంలో ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

పటేల్ రెండు నివేదికలలోనూ బాగుపడ్డాడు. "మస్తు నిద్ర పడ్తుంది సార్," అని ఇద్దరికీ చెప్పి ఇంటికి పోయాడు. అంతకుముందు రాత్రి నేను కాపలాలో ఉన్నాను. అతను పడుకున్నది రెండు గంటలు. మిగతా రాత్రంతా మంచం మీద పడమర గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అతనికీ ఒక చెట్టు, పక్క చెట్టు మీద ఒక మనిషి అవసరమేమో. కాని పటేళ్లు చెట్లెక్కరు.

ఏప్రిల్‌లో నర్సాగౌడ్ దవాఖానాకు వచ్చాడు. అడగకుండానే గ్లాసు తీసుకుని వార్డు పొడవునా నడిచాడు. ఏడు ఔన్సులు మిగిలాయి. ఆ తరువాత అతను బతికినంత కాలం, ఎప్పుడు వచ్చినా నడిపించాను. ఎనిమిది ఎన్నడూ రాలేదు.

ఇదంతా రాయవచ్చునా అని సత్తయ్యను అతని చివరి రోజులలో అడిగాను. అప్పటికి పటేల్ లేడు, నర్సాగౌడ్ లేడు. "చెట్టు మీది మాట చెట్టు మీదనే అన్నవు గదా," అన్నాను. "నువ్వు ఎక్కలె గదా సిస్టరమ్మా, నువ్వు కిందిదానివి. నీకేం కట్టుబాటు? నేను గూడ పోయినంక రాసుకో," అని నవ్వాడు. అతను పోయాకే రాస్తున్నాను.

నివేదికలు పక్కన పెట్టి నా లెక్క చెబుతాను. వచ్చినవారు పదకొండు మంది. ఆరు గంటలు నిద్రపోయి, తమ పనికి తాము తిరిగి వెళ్లినవారు అయిదుగురు. గది వల్ల ఒకరు, ఆ పిల్ల. వలయం వల్ల ఇద్దరు, పోశమ్మ, ఖైరున్‌బీ. చెట్టు వల్ల ఒకడు. అయిదోవాడు ఒక ముసలాయన, తప్పిపోయిన బర్రె దొరికిన రోజునే బాగుపడ్డాడు. ఆ బర్రెను ఏ పద్ధతి కింద రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. మిగతా ఆరుగురూ వచ్చినట్టే వెళ్లిపోయారు.

నర్సాగౌడ్ గీసిన చెట్లు పద్నాలుగు. గ్లాసులో మిగిలినవి ఏడు ఔన్సులు. తూర్పు చేనులో బతికినవాడు ఒకడు. పడమర చేనులో చనిపోయినవాడు ఒకడు. సగాలు లేవు.